సరస్సులలో దురాక్రమణ జాతుల పరిశీలనకు సోనార్: సూత్రాలు, అనుభవాలు, పరిమితులు

అమెరికాలోని ఎల్లోస్టోన్ జాతీయోద్యానవనంలో సుమారు 350 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల ఎల్లోస్టోన్ సరస్సు ఉన్నది. 1994లో అక్కడ గాలం వేసిన ఒక వ్యక్తికి లేక్ ట్రౌట్ అనే చేప చిక్కింది. అది ఆ సరస్సుకు చెందిన జాతి కాదు. గుర్తించే నాటికే అది కొన్ని సంవత్సరాలుగా అక్కడ స్థిరపడి సంతానాన్ని వృద్ధి చేసుకుంటున్నదని తరువాతి పరిశీలనలలో తేలింది. ఆ సరస్సు స్థానిక జాతి కట్‌త్రోట్ ట్రౌట్. ఇది గుడ్లు పెట్టడానికి ఉపనదులలోకి ఎగబ్రాకుతుంది. క్లియర్ క్రీక్ అనే ఉపనదిలో 1988లో సుమారు 55 వేల కట్‌త్రోట్ చేపలు లెక్కకు రాగా, 2007 నాటికి ఆ సంఖ్య 600 కంటే తక్కువకు పడిపోయింది. కరవు, వర్లింగ్ వ్యాధి కూడా ఈ క్షీణతకు తోడ్పడినప్పటికీ, లేక్ ట్రౌట్ వేటయే ప్రధాన కారణమని శాస్త్రజ్ఞులు నిర్ధారించారు. ఉపనదులలో కట్‌త్రోట్‌ను పట్టి తినే ఎలుగుబంట్లు, నీటిపిల్లులు, గద్దలు కూడా ఆహారం కోల్పోయాయి. లేక్ ట్రౌట్ లోతైన నీటిలో నివసించి, సరస్సు అడుగుననే గుడ్లు పెడుతుంది. అందువలన అది ఆ జంతువులకు అందదు.

నేలపై పెరిగే కలుపు మొక్క కంటికి కనిపిస్తుంది. నీటి అడుగున పెరిగే దురాక్రమణ జాతి కనిపించదు. అది కనిపించే నాటికి నిర్మూలన దశ దాటిపోయి, నియంత్రణ మాత్రమే మిగులుతుంది. ఎల్లోస్టోన్‌లో 1995లో మొదలైన గిల్ వలల వేట నేటికీ ఆగలేదు. గత దశాబ్దంలో కొన్ని సంవత్సరాలు ఏటా మూడు లక్షలకు పైగా లేక్ ట్రౌట్ చేపలను తొలగించవలసి వచ్చింది. కనిపించని నీటి అడుగును పరిశీలించడానికి అందుబాటులో ఉన్న ముఖ్య సాధనాలలో సోనార్ ఒకటి. అది ఏమి కొలుస్తుంది, ఏమి కొలవలేదు, ఏ జాతికి ఏ రకం సోనార్ తగినది అనే అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

ధ్వనినే ఎందుకు ఎంచుకోవాలి?

మురికి నీటిలో కాంతి కొద్ది మీటర్లకే క్షీణిస్తుంది. రేడియో తరంగాలు నీటిలో మరింత త్వరగా శోషణ చెందుతాయి. ధ్వని మాత్రం నీటిలో వేగంగా, దూరంగా ప్రయాణిస్తుంది. మంచినీటిలో 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ధ్వని వేగం సెకనుకు సుమారు 1497 మీటర్లు. 10 డిగ్రీల వద్ద సుమారు 1447 మీటర్లు. ట్రాన్స్‌డ్యూసర్ అనే భాగం విద్యుత్ స్పందనను ధ్వని స్పందనగా మార్చి నీటిలోకి పంపుతుంది. ఆ ధ్వని చేపకో, మొక్కకో, అడుగు నేలకో తగిలి తిరిగి వస్తుంది. పంపిన క్షణానికి, ప్రతిధ్వని అందిన క్షణానికి మధ్య గల కాలాన్ని ధ్వని వేగంతో గుణించి రెండుతో భాగిస్తే దూరం తెలుస్తుంది. పరికరంలో 10 డిగ్రీల నీటి వేగాన్ని నమోదు చేసి 25 డిగ్రీల నీటిలో వాడితే, 30 మీటర్ల లోతు 29 మీటర్లుగా కనిపిస్తుంది. కనుక సర్వేకు ముందు నీటి ఉష్ణోగ్రతను పైనుండి అడుగు వరకు కొలవడం తప్పనిసరి.

చేపలను ధ్వనితో గుర్తించే ప్రయత్నం కొత్తది కాదు. 1929లో జపాన్ శాస్త్రజ్ఞుడు కిమురా, పెంపకపు చెరువులో ధ్వని పుంజానికి అడ్డుగా ఈదిన చేపలను గుర్తించినట్లు ప్రకటించారు. 1935లో నార్వే శాస్త్రజ్ఞుడు ఆస్కార్ సుండ్ సముద్రంలోని కాడ్ చేపల గుంపుల ప్రతిధ్వని చిత్రాలను ప్రచురించారు. నాటి పరికరాలు చేపల ఉనికిని మాత్రమే చూపగా, నేటి శాస్త్రీయ ఎకోసౌండర్లు తిరిగివచ్చిన ధ్వని శక్తిని కచ్చితంగా కొలిచి, దాని నుండి చేపల సంఖ్యను అంచనా వేయడానికి వీలు కల్పిస్తున్నాయి.

చేప ఎందుకు ప్రతిధ్వనిస్తుంది?

చేప కండరం సాంద్రతలో నీటికి దగ్గరగా ఉంటుంది. అందువలన కండరం నుండి తిరిగివచ్చే ధ్వని స్వల్పం. చేప లోపల గల వాయుకోశంలోని గాలికి, చుట్టూ ఉన్న నీటికి సాంద్రతలో గల వ్యత్యాసం అత్యధికం. వాయుకోశం ఉన్న చేపల విషయంలో తిరిగివచ్చే ధ్వని శక్తిలో 90 శాతానికి పైగా ఆ కోశం నుండే వస్తుందని పరిశోధనలు నిరూపించాయి. అంటే సోనార్ ప్రధానంగా చూసేది చేపను కాదు, చేపలోని గాలిని. ఈ ఒక్క సూత్రాన్ని గుర్తుంచుకుంటే సోనార్ బలాలు, బలహీనతలు చాలావరకు అర్థమవుతాయి.

ఒక చేప తిరిగి పంపే ధ్వని బలాన్ని 'టార్గెట్ స్ట్రెంగ్త్' అంటారు. దీనిని డెసిబెల్‌లలో కొలుస్తారు. చేప పొడవుకు, ఈ విలువకు గల సంబంధాన్ని తెలిపే సమీకరణాలలో లవ్ సమీకరణం ప్రసిద్ధమైనది. దాని ప్రకారం 120 కిలోహెర్ట్జ్ వద్ద పైనుండి చూసినప్పుడు 10 సెంటీమీటర్ల చేప విలువ సుమారు మైనస్ 44.8 డెసిబెల్‌లు; 30 సెంటీమీటర్ల చేపకు సుమారు మైనస్ 35.7, 60 సెంటీమీటర్ల చేపకు సుమారు మైనస్ 29.9. డెసిబెల్ లాగరిథమిక్ ప్రమాణం గనుక, 10 సెంటీమీటర్ల చేపతో పోల్చినప్పుడు 30 సెంటీమీటర్ల చేప సుమారు 8 రెట్ల శక్తిని తిరిగి పంపుతుందని అర్థం.

ఈ వ్యత్యాసం సంఖ్యల అంచనాను ఎంతగా ప్రభావితం చేస్తుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో గ్రహించవచ్చు. ఒక హెక్టారు నీటి నుండి అందిన మొత్తం ప్రతిధ్వని శక్తి, 30 సెంటీమీటర్ల పొడవు గల 1000 చేపలు ఇచ్చే శక్తికి సమానమని అనుకొందాము. వాస్తవానికి అక్కడున్నవి 10 సెంటీమీటర్ల చేపలైతే, అదే శక్తికి సుమారు 8000 చేపలు అవసరమవుతాయి. అంటే సంఖ్య 8 రెట్లు పెరుగుతుంది. కాని చేప బరువు సుమారుగా పొడవు ఘనానికి అనులోమంగా ఉంటుంది గనుక, 30 సెంటీమీటర్ల చేప 10 సెంటీమీటర్ల చేపకు 27 రెట్లు బరువు ఉంటుంది. ఫలితంగా మొత్తం చేపల బరువు తొలి అంచనాలో మూడో వంతు కంటే తక్కువకు పడిపోతుంది. ఒకే ప్రతిధ్వని ఆధారంగా సంఖ్య పెరిగిందని, నిల్వ తగ్గిందని రెండు విరుద్ధ నిర్ణయాలు రావచ్చు. పొడవు, జాతి తెలియకుండా సోనార్ నివేదికలోని సంఖ్యను నమ్మరాదనడానికి కారణమిదే.

సోనార్ రకాలు, వాటి ఉపయోగాలు

దురాక్రమణ జాతుల పరిశీలనలో ప్రధానంగా మూడు రకాల సోనార్లు ఉపయోగపడుతున్నాయి.

మొదటిది శాస్త్రీయ ఎకోసౌండర్. ఇది పడవ నుండి నిట్టనిలువుగా కిందికి సన్నని శంఖాకార ధ్వని పుంజాన్ని పంపుతుంది. సరస్సులలో సాధారణంగా 70 నుండి 200 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యాలను వాడుతారు. నాలుగు భాగాలుగా విభజించిన స్ప్లిట్ బీమ్ ట్రాన్స్‌డ్యూసర్, పుంజంలో చేప ఏ స్థానంలో ఉన్నదో గుర్తించి, దానికి అనుగుణంగా ప్రతిధ్వని బలాన్ని సవరిస్తుంది. నీటి మధ్య పొరలలో సంచరించే చేపల సంఖ్యను, పరిమాణాన్ని అంచనా వేయడానికి ఇది తగినది.

రెండవది సైడ్ స్కాన్ సోనార్. ఇది పడవకు ఇరువైపులా అడుగు నేలను పట్టీలు పట్టీలుగా చిత్రిస్తుంది. గట్టి వస్తువు ప్రకాశవంతంగాను, దాని వెనుక భాగం నీడగాను కనిపిస్తాయి. నీడ పొడవు నుండి వస్తువు ఎత్తును లెక్కించవచ్చు. అడుగున పరచుకొన్న ఆల్చిప్పల వంటి జీవులను, మొక్కల పొదలను, చేపలు తవ్విన గుంటలను పటంగా గీయడానికి ఇది ఉపకరిస్తుంది.

మూడవది ధ్వని కెమెరాగా పేరొందిన ఇమేజింగ్ సోనార్. వాషింగ్టన్ విశ్వవిద్యాలయపు అనువర్తిత భౌతికశాస్త్ర ప్రయోగశాలలో రూపొందిన డిడ్‌సన్ పరికరం ఈ కోవలోనిది. ఇది 1.1, 1.8 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యాల వద్ద పనిచేస్తుంది. 1.8 మెగాహెర్ట్జ్ వద్ద నీటిలో తరంగదైర్ఘ్యం ఒక మిల్లీమీటరు కంటే తక్కువ. అందువలన చేప ఆకారం, తోక కదలిక, ఈదే దిశ కదిలే చిత్రంగా కనిపిస్తాయి. అయితే పౌనఃపున్యం పెరిగిన కొద్దీ ధ్వని శోషణ కూడా పెరుగుతుంది గనుక, దీని పరిధి కొద్ది పదుల మీటర్లకే పరిమితమవుతుంది.

వీటికి తోడుగా ధ్వని ట్రాన్స్‌మిటర్లు కూడా ఉన్నాయి. ఇవి ప్రతిధ్వనిపై ఆధారపడవు. చేప శరీరంలో శస్త్రచికిత్స ద్వారా అమర్చిన చిన్న పరికరం స్వయంగా ధ్వని సంకేతాలను పంపగా, నీటిలోని గ్రాహకాలు వాటిని నమోదు చేస్తాయి. ఎల్లోస్టోన్‌లో 2011 నుండి ఈ విధానంతో లేక్ ట్రౌట్ చేపలు గుడ్లు పెట్టే చోట్లను వెదుకుతున్నారు. తోటి చేపల గుంపును పట్టించే ఇటువంటి చేపలను బైబిల్ కథలోని ద్రోహి పేరిట 'జూడాస్ చేపలు' అని వ్యవహరిస్తారు. ఆ చోట్లు తెలిసిన తరువాత వలలను అక్కడ కేంద్రీకరించడంతో పాటు, గుడ్లను నశింపజేసే ప్రయత్నాలు కూడా సాధ్యమయ్యాయి.

మిషిగన్ సరస్సు: లెక్క నుండి నిర్ణయం వరకు

ఉత్తర అమెరికా మహా సరస్సులలో ఒకటైన మిషిగన్ సరస్సులో ఏల్‌వైఫ్ అనే చిన్న చేప 1949లో తొలిసారి కనిపించింది. ఇది అట్లాంటిక్ తీరపు జాతి. దీనిని వేటాడే స్థానిక లేక్ ట్రౌట్ చేపలు సీ లాంప్రే దాడులకు, అధిక వేటకు గురై అప్పటికే క్షీణించాయి. ఎల్లోస్టోన్‌లో దురాక్రమణ జాతియైన లేక్ ట్రౌట్, మహా సరస్సులలో రక్షించవలసిన స్థానిక జాతి కావడం ఇక్కడ గమనార్హం. దురాక్రమణ అనేది జాతి స్వభావం కాదు. ఆ జాతి చేరిన స్థలాన్ని బట్టి ఏర్పడే స్థితి. అదుపు లేక పెరిగిన ఏల్‌వైఫ్ చేపలు 1967లో భారీ సంఖ్యలో మరణించి తీరాలపై కుప్పలుగా పడ్డాయి. వాటిని అదుపు చేయడానికి 1966, 1967 సంవత్సరాలలో పసిఫిక్ సాల్మన్ జాతులను ప్రవేశపెట్టారు. క్రమంగా సాల్మన్ వేట పెద్ద వినోద పరిశ్రమగా ఎదిగింది. అప్పటి నుండి ఏల్‌వైఫ్ ఒకవైపు దురాక్రమణ జాతి, మరొకవైపు సాల్మన్‌కు ఆహారం. దాని నిల్వ మరీ పెరిగినా, మరీ తగ్గినా నష్టమే. పొరుగున ఉన్న హ్యూరన్ సరస్సులో 2003–2004 ప్రాంతంలో ఏల్‌వైఫ్ కుప్పకూలగా, చినూక్ సాల్మన్ వేట కూడా దెబ్బతిన్నది.

ఇటువంటి పరిస్థితిలో ఏటా నిల్వను తెలుసుకోవడం అనివార్యం. మిషిగన్ సరస్సులో అమెరికా భూవైజ్ఞానిక సర్వే, ఇతర ప్రభుత్వ సంస్థలు కలిసి ఎకోసౌండర్ సర్వేలు నిర్వహిస్తున్నాయి. ఇవి రాత్రివేళ జరుగుతాయి. పగలు గుంపులుగా, అడుగుకు దగ్గరగా ఉండే చేపలు రాత్రి నీటి మధ్య పొరలలో విడివిడిగా వ్యాపిస్తాయి. విడివిడిగా ఉన్నప్పుడే ఒక్కొక్క చేప ప్రతిధ్వనిని కొలవగలుగుతారు. సోనార్ పడవతో పాటు నీటి మధ్య పొరలో ట్రాల్ వలను లాగి, చిక్కిన చేపల జాతి, పొడవుల నిష్పత్తిని బట్టి ప్రతిధ్వనులను జాతులవారీగా విభజిస్తారు. దీనికి తోడు 1973 నుండి అడుగు ట్రాల్ సర్వే కూడా కొనసాగుతున్నది. అడుగు ట్రాల్ నీటి మధ్యలోని చేపలను వదిలివేస్తుంది. ఎకోసౌండర్ అడుగుకు అంటుకొని ఉన్నవాటిని వదిలివేస్తుంది. రెండింటి ఫలితాలు ఒకే దిశలో సాగితే నిర్ణయానికి బలం చేకూరుతుంది. ఆహారానికి, వేటాడే చేపలకు మధ్య సమతుల్యతను అంచనా వేసి 2013లో చినూక్ సాల్మన్ పిల్లల విడుదలను సుమారు సగానికి తగ్గించారు. పిల్లలను అధికంగా వదలాలని కోరే వేటగాళ్ళను ఒప్పించడానికి ఇటువంటి దీర్ఘకాలిక కొలతలే ఆధారం.

షికాగో కాలువ: కనిపించినది ఏ చేప?

సిల్వర్ కార్ప్, బిగ్‌హెడ్ కార్ప్ చేపలు మిసిసిపీ నదీ వ్యవస్థ నుండి మిషిగన్ సరస్సులోకి ప్రవేశించకుండా షికాగో నౌకా కాలువలో విద్యుత్ అవరోధాలను నెలకొల్పారు. వీటిలో మొదటిది 2002లో పనిచేయడం ప్రారంభించింది. 2013లో అమెరికా చేపలు, వన్యప్రాణుల విభాగం అక్కడ డిడ్‌సన్ సోనార్‌ను అమర్చి పరిశీలించగా, చిన్న చేపల గుంపులు విద్యుత్ క్షేత్రాన్ని దాటుతున్న దృశ్యాలు నమోదయ్యాయి. పెద్ద చేపలపై సమర్థంగా పనిచేసే విద్యుత్ క్షేత్రం చిన్న చేపల శరీరంపై తక్కువ ప్రభావం చూపడం ఇందుకు ఒక కారణం.

అయితే ఆ చిన్న చేపలు ఏ జాతివో సోనార్ చిత్రాల నుండి నిర్ధారించడం సాధ్యం కాలేదు. అవరోధంలో లోపం ఉన్నదని సోనార్ చూపింది. దానిని దాటినది దురాక్రమణ జాతియా, స్థానిక జాతియా అనే ప్రశ్నకు సమాధానం వలల నుండి రావలసిందే. ఈ రెండు విషయాలను వేరుచేసి చెప్పడం నివేదిక రచనలో ముఖ్యమైన నియమం.

ఆల్చిప్పలు, నీటి మొక్కలు

1988లో సెయింట్ క్లేర్ సరస్సులో కనిపించిన జీబ్రా ఆల్చిప్పలు కొద్ది సంవత్సరాలలోనే మహా సరస్సులన్నింటికీ వ్యాపించాయి. గట్టి ఉపరితలాలకే అంటుకొంటాయని మొదట భావించిన ఈ జీవులు ఈరీ సరస్సులో మెత్తని బురదపై కూడా పరచుకొంటున్నాయని 1990 దశకంలో సైడ్ స్కాన్ సోనార్ సహాయంతో జరిగిన పరిశీలనలు వెల్లడించాయి. బురద ధ్వనిని శోషించి మసకగా కనిపించగా, గవ్వల పొర గరుకుగా, ప్రకాశవంతంగా కనిపిస్తుంది. అయితే రాళ్ళు కూడా అదేవిధంగా కనిపిస్తాయి గనుక, అడుగు నమూనాలు సేకరించి, కెమెరాతో చూసి నిర్ధారించుకోవలసి ఉంటుంది.

మునిగి పెరిగే నీటి మొక్కల పరిశీలనలో ఎకోసౌండర్ మరింత సులువుగా ఉపయోగపడుతుంది. ఈ మొక్కల కణజాలంలో గాలి గదులు ఉంటాయి; అవి ధ్వనిని బలంగా ప్రతిఫలిస్తాయి. పరికరం మొక్క కొనను, అడుగు నేలను వేర్వేరుగా గుర్తించడం వలన మొక్క ఎత్తు తెలుస్తుంది. నీటి పరిమాణంలో మొక్కలు ఎంత శాతాన్ని ఆక్రమించాయో లెక్కించవచ్చు. మన చెరువులలో సహజంగా పెరిగే హైడ్రిల్లా, అక్వేరియం వ్యాపారం ద్వారా 1950 దశకంలో ఫ్లోరిడాకు చేరి అక్కడ తీవ్రమైన దురాక్రమణ మొక్కగా మారింది. అటువంటి మొక్కల పటాల కోసం అమెరికా సైనిక ఇంజనీర్ల విభాగం 1990 దశకంలో ప్రత్యేక ఎకోసౌండర్ విధానాన్ని రూపొందించింది. నీటిపై తేలే గుర్రపుడెక్కకు సోనార్ అవసరం లేదు. దానికి ఉపగ్రహ చిత్రాలు, డ్రోన్లు తగిన సాధనాలు. పైగా దట్టమైన గుర్రపుడెక్క కింద పడవ, ట్రాన్స్‌డ్యూసర్ నడపడమే కష్టం.

సర్వే నిర్వహణలో పాటించవలసిన అంశాలు

సరస్సు విస్తీర్ణానికి తగినంత దూరం పడవ నడపకపోతే ఫలితం నమ్మదగినది కాదు. పడవ ప్రయాణించిన మొత్తం దూరాన్ని విస్తీర్ణపు వర్గమూలంతో భాగించగా వచ్చే నిష్పత్తి కనీసం 3, వీలైతే 6 ఉండాలన్నది విస్తృతంగా ఆమోదించిన సూచన. పూర్తి నీటి మట్టం వద్ద 285 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల నాగార్జునసాగర్ జలాశయాన్ని ఉదాహరణగా తీసుకొంటే, వర్గమూలం సుమారు 16.9. నిష్పత్తి 6 కావాలంటే పడవ సుమారు 101 కిలోమీటర్లు ప్రయాణించాలి. గంటకు 8 కిలోమీటర్ల వేగంతో నడిపితే దాదాపు 13 గంటలు పడుతుంది. రాత్రి సర్వే గనుక రెండు లేదా మూడు రాత్రులు కేటాయించాలి.

ప్రతి సర్వేకు ముందు, ప్రతిధ్వని బలం ముందే తెలిసిన టంగ్‌స్టన్ కార్బైడ్ గోళాన్ని ట్రాన్స్‌డ్యూసర్ కింద వేలాడదీసి పరికరాన్ని ప్రమాణీకరించాలి. ఈ పని చేయని పరికరాలతో ఒక సంవత్సరపు ఫలితాన్ని మరొక సంవత్సరంతో పోల్చడం నిరర్థకం. దురాక్రమణ జాతి పెరుగుతున్నదా, తగ్గుతున్నదా అనేదే ప్రశ్న గనుక, సంవత్సరాల మధ్య పోలిక కుదరని సర్వే వలన ప్రయోజనం ఉండదు. చేపల వేటకు అమ్మే చవక ఫిష్ ఫైండర్లు లోతును, మొక్కలను, గుంపులను చూపడానికి సరిపోతాయి. సంఖ్యల అంచనాకు అవి పనికిరావు.

దోషాలు ఎక్కడ నుండి వస్తాయో కూడా తెలిసి ఉండాలి. 0.4 మిల్లీసెకన్ల స్పందన వాడినప్పుడు నిలువు దిశలో సుమారు 30 సెంటీమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు లక్ష్యాలను వేరుచేయలేము. అదే కారణంగా అడుగుకు ఆనుకొని ఉన్న చేప, అడుగు ప్రతిధ్వనిలో కలిసిపోతుంది. ఏటవాలు అడుగుపై ఈ గుడ్డి మండలం ఇంకా పెరుగుతుంది. ఉష్ణ ప్రాంతపు జలాశయాలలో అడుగు బురద నుండి పైకి లేచే మీథేన్ బుడగలు చేపలను పోలిన ప్రతిధ్వనిని ఇస్తాయి. బుడగలు ఏకరీతి వేగంతో పైకి మాత్రమే సాగుతాయన్న లక్షణాన్ని బట్టి, కదలని పడవ నుండి పరిశీలించి వాటిని వేరుచేయవచ్చు. మునిగిన చెట్ల మొదళ్ళు, పాత గ్రామాల గోడలు, వదిలివేసిన వలలు కూడా తప్పుదోవ పట్టిస్తాయి.

తెలుగు రాష్ట్రాల జలాశయాలకు అన్వయం

దురాక్రమణ చేపల సమస్య భారతదేశానికి కొత్తది కాదు. హిమాచల్ ప్రదేశ్‌లోని గోవింద్ సాగర్ జలాశయంలోకి 1971లో ప్రమాదవశాత్తు ప్రవేశించిన సిల్వర్ కార్ప్ క్రమంగా అక్కడి వేటలో ప్రధాన జాతిగా మారి, బొచ్చె చేపను వెనక్కు నెట్టింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జలవనరులలో తిలాపియా, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్, అక్వేరియంల నుండి వచ్చిన సెయిల్‌ఫిన్ క్యాట్‌ఫిష్ ముఖ్యమైనవి. చివరిదానిని మత్స్యకారులు దెయ్యం చేపగా పిలుస్తారు. గట్టి పలకల వంటి దాని చర్మం, ముళ్ళు వలలను చింపివేస్తాయి. గట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెట్టడం వలన గట్లు బలహీనపడతాయి.

ఈ జాతులకు సోనార్ ఎంతవరకు తగినదో ఒక్కొక్కదానికి విడిగా ఆలోచించాలి. తిలాపియాకు వాయుకోశం ఉన్నది. మధ్య పొరలలో ఉన్నప్పుడు ఎకోసౌండర్‌కు చిక్కుతుంది. అయితే రోహు, బొచ్చె వంటి స్థానిక చేపల నుండి దానిని ప్రతిధ్వని ద్వారా వేరుచేయలేము. మగ తిలాపియా లోతు తక్కువ నీటిలో అడుగున తవ్వే గుండ్రని గుంటలు సైడ్ స్కాన్ చిత్రంలో కనిపించే అవకాశం ఉన్నది. సెయిల్‌ఫిన్ క్యాట్‌ఫిష్, ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌ల వాయుకోశాలు కుదించుకుపోయి ఎముక తొడుగులలో ఇమిడి ఉంటాయి. పైగా ఇవి అడుగున నివసిస్తాయి. కనుక నిలువు ఎకోసౌండర్ సర్వేలో ఇవి కనిపించకపోవడాన్ని వాటి లేమికి నిదర్శనంగా భావించడం పెద్ద పొరపాటు. వీటి విషయంలో ధ్వని కెమెరాతో గట్ల వెంబడి బొరియలను పరిశీలించడం, వలల నమూనాలు, నీటిలోని డీఎన్ఏ పరీక్షలు అనుసరణీయం. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు నీటి నమూనాలలోని డీఎన్ఏ ఆధారంగా సెయిల్‌ఫిన్ క్యాట్‌ఫిష్‌ను గుర్తించే విధానాన్ని రూపొందించి, తూర్పు కనుమలలో పరిశీలించిన జలవనరులలో సుమారు 60 శాతంలో దాని జాడను కనుగొన్నారు. డీఎన్ఏ జాతిని చెప్పగలదు, స్థానాన్ని, సంఖ్యను కచ్చితంగా చెప్పలేదు. సోనార్ స్థానాన్ని, సంఖ్యను చెప్పగలదు, జాతిని చెప్పలేదు. ఈ రెండూ పరస్పర పూరకాలు.

జలాశయపు లోతు కూడా నిర్ణాయకమే. నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి లోతైన జలాశయాలు నిలువు ఎకోసౌండర్‌కు అనుకూలమైనవి. 7 డిగ్రీల ధ్వని పుంజం 50 మీటర్ల లోతున సుమారు 6 మీటర్ల వెడల్పును పరిశీలిస్తుంది. లోతు ఒకటి రెండు మీటర్లకు మించని కొల్లేరు వంటి సరస్సులో అదే పుంజం ట్రాన్స్‌డ్యూసర్‌కు ఒక మీటరు దిగువన 12 సెంటీమీటర్ల వెడల్పును మాత్రమే చూడగలదు. పడవ చప్పుడుకు చేపలు పక్కకు తొలగుతాయి కూడా. అక్కడ పుంజాన్ని అడ్డంగా పంపే పద్ధతి ఉన్నప్పటికీ, చేప పక్కకు తిరిగి ఉన్నదా, ఎదురుగా ఉన్నదా అనేదాన్ని బట్టి ప్రతిధ్వని ఎన్నో రెట్లు మారుతుంది. కనుక అటువంటి సరస్సులలో సోనార్‌కు బదులు వలల సర్వే, వేట రికార్డులు అధిక ప్రయోజనకరం.

తెలంగాణలో 2016–17 నుండి ప్రభుత్వం చెరువులు, జలాశయాలలో చేప పిల్లలను ఉచితంగా విడుదల చేస్తున్నది. విడుదలైన కార్ప్ పిల్లలు ఎంతవరకు నిలదొక్కుకున్నాయో తెలుసుకోవడానికి ఎకోసౌండర్ ఆకర్షణీయమైన సాధనంగా కనిపించవచ్చు. కాని అదే జలాశయంలో తిలాపియా పెరిగిపోయి ఉంటే, దాని ప్రతిధ్వని కూడా కార్ప్ నిల్వగా లెక్కలో చేరుతుంది. దురాక్రమణ జాతి పెరుగుదలయే పథకపు విజయంగా నమోదయ్యే ప్రమాదం ఉన్నది. మత్స్యకార సంఘం సభ్యుని వలలో రోహు తగ్గుతుండగా నివేదికలో నిల్వ పెరిగితే, ఆ సభ్యుడు విస్తరణ శాస్త్రజ్ఞుని మాటను మళ్ళీ నమ్మడు.

విస్తరణ శాస్త్రజ్ఞులకు సూచనలు

క్షేత్రస్థాయి పనిలో క్రమం ముఖ్యం. మొదట మత్స్యకారుల వలలలో పడిన అపరిచిత చేపల వివరాలను, ఫొటోలను, తేదీ, స్థలంతో సహా నమోదు చేయాలి. ఎల్లోస్టోన్‌లో తొలి సమాచారం వచ్చినది కూడా ఒక గాలం నుండే. రెండవ దశలో నీటి డీఎన్ఏ పరీక్షతో జాతిని నిర్ధారించాలి. మూడవ దశలో ఆ జాతి వాయుకోశం, నివాసం, జలాశయపు లోతులను బట్టి సోనార్ అవసరమా, అయితే ఏ రకం అనే నిర్ణయం తీసుకోవాలి. నాలుగవ దశలో సోనార్‌తో పాటు అదే రాత్రి వివిధ కన్నుల పరిమాణం గల గిల్ వలలతో నమూనాలు సేకరించి జాతుల నిష్పత్తిని, పొడవులను కొలవాలి. ఒకే పరిమాణపు కన్నుతో సేకరించిన నమూనా ఒకే పరిమాణపు చేపలను చూపి, లెక్కను వక్రీకరిస్తుంది. చివరిగా అదే మార్గంలో, అదే ఋతువులో, అదే పరికరపు అమరికతో ఏటా సర్వేను పునరావృతం చేయాలి.

నివేదికలో సోనార్ చూపినదానిని, వల చూపినదానిని, ఈ రెండింటి నుండి చేసిన అంచనాను వేర్వేరుగా పేర్కొనాలి. అప్పుడు మాత్రమే అధికారి తీసుకొనే నిర్ణయానికి, మత్స్యకారునికి ఇచ్చే సలహాకు దృఢమైన ఆధారం లభిస్తుంది. తొలి దశలోనే గుర్తించిన దురాక్రమణ జాతిని కొన్ని వలలతో అదుపు చేయగల అవకాశం ఉంటుంది. ఆలస్యంగా గుర్తిస్తే ఎల్లోస్టోన్‌లో వలె దశాబ్దాల తరబడి ఏటా లక్షల చేపలను తొలగించవలసి వస్తుంది.